అత్తమ్మ విన్న దయ్యాల నవల

ఇంటర్మీడియట్ ఇంగ్లీషు పరీక్షకు మాకు దయ్యాల నవల పెట్టారు. పెట్టినవాడెవడో నాకు తెలియదు గాని, వాడు మా ఊళ్ళో ఉండేవాడు మాత్రం అయి ఉండడు. ఉంటే, మమ్మల్ని భయపెట్టడానికి సముద్రాల అవతలి నుంచి పుస్తకం తెప్పించనక్కర లేదని వాడికి తెలిసేది. ఆ రోజుల్లో చలికాలం వచ్చిందంటే వెనకాలే ప్లేగు వచ్చేది. చార్మినార్ కట్టిందే ప్లేగు పోయినందుకని మా వాళ్ళు చెప్పుకునేవారు. పోయిందని ఎవరు చెప్పారో, వాళ్ళు ఎలా నమ్మారో!

ప్లేగు ఎట్లా వస్తుందో మా వీధుల్లో ఎవరికీ నేర్పనక్కర లేదు. ముందు ఎలుకలు చస్తాయి. పిల్లి పట్టకుండా, బోను పెట్టకుండా, ఇంటికప్పు మీంచి ఎలుక దానంతటది కింద పడి చచ్చిందంటే ఆ ఇల్లు ఇక ఇల్లు కాదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నా దించి బయటపడాల్సిందే. బల్దియా వాళ్ళు, అంటే మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి, లోపలికి ఎండ పడేలా పెంకులు తీసి, గోడలకు సున్నం కొట్టి పోతారు. ఇంటివాళ్ళు ఊరి బయట మైదానంలో తడకల గుడిసె వేసుకుని, రోగం తగ్గేదాకా అక్కడే వండుకుని తినాలి. 'ఎలుక పడింది' అన్న రెండు మాటలకు మా దబీర్‌పురాలో ఎంతటి మొనగాడైనా మూటాముల్లె సర్దుకునేవాడు.

నేను మొదటిసారి పరీక్షలు రాసిన ఏడాది, ఇంగ్లీషు ఒక్కటే మిగిలి ఉండగా, పరీక్షల వారంలోనే మా ఇంట్లో ఎలుక పడింది. ఎలుక పడ్డ ఇంటి పిల్లల్ని పరీక్ష హాల్లోకి రానివ్వరు. మిగతా పిల్లలు ఉతికిన బట్టలు వేసుకుని పరీక్ష రాస్తుంటే నేను గుడిసె ముందు రాళ్ళ పొయ్యి దగ్గర కూర్చుని పుల్లలు ఎగదోస్తున్నాను. ఏడ్చాను కూడా. అప్పటికి మీసం వచ్చింది, అయినా ఏడ్చాను. మా బాపు ఒక దఫ్తర్లో గుమాస్తా. ఎక్కువ మాట్లాడడు, మాట్లాడితే ఆ మాట తిరగదు. "ఇంకొక్క ఏడు చూస్త. మళ్ళ తప్పితే నా దఫ్తర్లనే నకళ్ళు రాసే పనికి పెడ్త. ఇగ సదువు ముచ్చట లేదు" అన్నాడు.

నాకంటే ఎక్కువగా కుమిలిపోయింది మా అత్తమ్మ. బాపుకు అక్క. చిన్నప్పుడే భర్త పోతే తమ్ముడింటికి వచ్చింది. నేను పుట్టినప్పుడు మా అమ్మ పోయింది కనుక నన్ను పెంచిందీ ఆమే. నన్ను వకీలుగా చూడాలని ఆమె కోరిక. నల్లకోటు వేసుకుని నేను గల్లీలో నడిచి వస్తుంటే అరుగుల మీది ఆడవాళ్ళు తలుపులు దగ్గరికి వేసుకుని సందులోంచి చూడాలట. ఆ ఎలుకను తలుచుకుని ఏడాది పొడుగునా తిట్టింది. "ముందన్న పడకపాయె, ఎన్కన్న పడకపాయె, దీని పాడుగాను! సరిగ్గ పరీక్షలప్పుడే పడె" అనేది, అది కావాలనే పడ్డట్టు.

రెండో ఏడు కూడా అదే నవల. మాకు ఇంగ్లీషు చెప్పే సారు నల్ల షేర్వానీలో వచ్చి, ఉర్దూలో ఆ ఇంగ్లీషు కథ చెప్పేవాడు. మంచి మనిషే గాని మేము భయపడటం లేదని ఆయనకు మహా బాధ. "మీకు దెహ్షత్ కలగకపోతే జవాబు ఎట్లా రాస్తారు?" అని మందలించేవాడు. ఒకరోజు భయం పుట్టించాలని మిట్టమధ్యాహ్నం క్లాసు కిటికీలన్నీ మూయించి, గొంతు తగ్గించి చదవసాగాడు. సరిగ్గా అప్పుడే కప్పులో ఏదో గరగరమంది. క్లాసు క్లాసంతా బెంచీలెక్కింది. సారు అందరికన్నా ముందు కుర్చీ ఎక్కాడు. పైన ఎలుక పరుగెత్తుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. పరుగెత్తుతోంది అంటే బతికే ఉంది అని అర్థమయ్యాక మేమంతా హాయిగా నవ్వుకుంటూ కూర్చున్నాం. సారు కూడా నవ్వాడు, కానీ కిటికీలు మళ్ళీ మూయించలేదు.

ఆ సారే నాకు ఒక ఉపాయం చెప్పాడు. చదివింది ఇంటికి పోయి ఎవరికైనా మన భాషలో చెప్పాలి, చెప్పగలిగితే వచ్చినట్టు, లేకపోతే రానట్టు. నాకు దొరికింది అత్తమ్మ. మధ్యాహ్నాలు వంటిల్లు సర్దుకున్నాక ఆమె వరండాలో ఎండిన మోదుగాకులు ముందేసుకుని పుల్లలతో విస్తర్లు కుట్టేది. నేను స్తంభానికి ఆనుకుని ఒక పేజీ చదివి, దాన్ని తెలుగులో చెప్పేవాణ్ణి. అంత ఎండలో దయ్యం కథ చెప్పడం నాకే నవ్వొచ్చేది.

ఇంకో శ్రోత గోడ అవతల ఉండేది. పక్కింటి వాళ్ళకూ మాకూ మధ్యగోడ ఒకటే. దానిలో చిన్న కిటికీ ఉండేది. ఆ ఇంటి ఆడవాళ్ళు గోషా, వీధిలోకి రారు. ఉప్పూ పప్పూ నిప్పూ మంచీ చెడూ అన్నీ ఆ కిటికీలోంచే వచ్చేవి, పోయేవి. ఆ ఇంటి ఇల్లాలిని నేను వాళ్ళ భాషలో పిన్ని అన్నట్టు ఖాలా అనేవాణ్ణి. ఆమె అత్త మంచాన పడి చాలా కాలం. ఆ ముసలామెకు తినిపించి పడుకోబెట్టి, ఖాలా కూడా తన వైపు గోడకు ఆనుకుని కూర్చునేది. నేను గొంతు తగ్గిస్తే "జెర గట్టిగ చెప్పు బేటా" అని గోడలోంచి మాట వచ్చేది.

కథ ఇది. ఇంగ్లండులో ఎక్కడో ఊబి నేలల మధ్య ఒక పెద్ద రాతి భవనం. యజమాని ముసలి దొర, కళ్ళు కనపడవు. ఆయనకు పుస్తకాలు చదివి వినిపించడానికి పట్నం నుంచి ఒక అనాథ పిల్ల వస్తుంది. రోజూ సాయంత్రం మెట్ల మీద తడి పాదాల గుర్తులు పడతాయి. ఎక్కిన గుర్తులే గాని దిగిన గుర్తులు ఉండవు. పనివాళ్ళందరికీ ఆ గుర్తుల సంగతి తెలుసు, ఎవరూ నోరు విప్పరు. ఆ ఇంటి పెత్తనమంతా ఒక ముసలి దాసిది. తాళాల గుత్తి నడుముకు కట్టుకుని తిరుగుతుంది. దేశాంతరం పోయిన కొడుకు రేపో మాపో వస్తాడని దొర ఎదురు చూస్తుంటాడు. ఆ కొడుకు ఎప్పుడో ఊబిలో పడి చచ్చాడు. ఆ సంగతి తెలిస్తే దొర బతకడు, ఆస్తి ఎవడో దూరపు చుట్టం పాలవుతుంది, ఇల్లు మూతపడుతుంది. అందుకని ముసలి దాసి శవాన్ని ఎవరికీ తెలియకుండా పూడ్చిపెట్టి, కొడుకు క్షేమంగా ఉన్నాడని దొరకు రోజూ చెబుతుంటుంది. చివరికి ఆ చదువుకున్న పిల్ల గుట్టు బయటపెడుతుంది. గుండె ఆగి దొర పోతాడు. ఇంటికి తాళం పడుతుంది.

ఈ కథకు మా ఇద్దరు శ్రోతలూ భయపడలేదు. తగాదా పడ్డారు. మెట్లెక్కే దయ్యం సంగతి వాళ్ళు నిమిషంలో తేల్చేశారు. "పిండం పెట్టకపాయె, దినాలు చెయ్యకపాయె. తిరగక ఏం చేస్తడు?" అంది అత్తమ్మ. "సచ్చీ బాత్. ఫాతెహా ఇయ్యకుంటే రూహ్‌కు చైన్ ఎట్లుంటది?" అంది ఖాలా. అంటే దయ్యం తప్పేమీ లేదని ఇద్దరూ ఒప్పుకున్నారు. తగాదా అంతా ముసలి దాసి గురించి.

"గంత పాపం చేసినామె మంచిదెట్లయితది?" అని ఖాలా.

"పాపమెట్లయితది? సచ్చినోడు ఎట్లాగు సచ్చిండు. బతికున్న ముసలాయన నిలబడ్డడు, ఇల్లు నిలబడ్డది. గా పట్నం పొల్లకే నోరాగలె. గామె నోరు మూసుకుంటె అందరు మంచిగుందురు" అని అత్తమ్మ.

నేను మధ్యలో దూరి, "అత్తమ్మా, పరీక్షల గట్ల రాస్తే సున్నా ఇస్తరు. ఆమె చేసింది తప్పని రాయాలె" అన్నాను. అత్తమ్మ విస్తరి పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "వాండ్లకేం ఎరుక? నువ్వు మాత్రం వాండ్లు చెప్పినట్లే రాయి బిడ్డా. పాసయినంక నిజమేందో మాట్లాడుకుందాం" అంది. గోడ అవతల ఖాలా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. 

పరీక్షలు దగ్గరపడుతుండగా ఎండలు మొదలయ్యాయి. ఎండలు ముదిరితే ప్లేగు తగ్గుతుందంటారు. ఆ ఏడు తగ్గలేదు. రైలు పట్టాల అవతల ఎలుకలు పడ్డాయన్నారు. తర్వాత మా వెనక గల్లీ. ఒంటెద్దు బండ్ల మీద పరుపులు, బిందెలు, మూటల మీద ముసలివాళ్ళు మా అరుగు ముందు నుంచి పోతుంటే అత్తమ్మ తలుపు దగ్గర నిలబడి చూసేది. ఎవరినీ పలకరించేది కాదు. పలకరిస్తే వాళ్ళ ఇంటి గాలి మన ఇంటికి తగులుతుందని ఆమె నమ్మకం.

బాపు రోజూ పొద్దున్నే కర్ర పట్టుకుని ఇల్లంతా వెతికేవాడు. బియ్యం గుమ్మి వెనక, అటక మీద, కట్టెల కింద పొడిచి చూసేవాడు. ఒకరోజు దఫ్తరుకు పోతూ గడప దగ్గర ఆగి మా ఇద్దరికీ వినపడేలా అన్నాడు: "ఒక్క ఎలుక పడ్డా సరే, నిమిషం ఆగేది లేదు. పరీక్ష ఉంటె ఉండనీ, పోతె పోనీ. పానం మీదికి తెచ్చుకునే సదువు నాకొద్దు."

 బాపు అన్నది న్యాయమే. కానీ నకళ్ళు రాసే బల్ల ముందు జీవితమంతా వంగి కూర్చోవడం కళ్ళకు కట్టింది. అత్తమ్మ నా మొహం చూసింది. బాపు గల్లీ మలుపు తిరిగాక, "ఫికర్ చెయ్యకు. ఇల్లు నేను చూస్కుంట. నువ్వు పుస్తకం చూస్కో" అంది.

అప్పటి నుంచి బాపు వెతకబోతే "నేను చూసిన తియ్యి తమ్మీ, నడుం నొప్పి పెట్టుకోకు" అని కర్ర అందుకునేది. తెల్లవారకముందే లేచి ఊడ్చేది. వేపాకు పొగ వేసేది. ఖాలా సాంబ్రాణి ఇస్తే అదీ వేసేది. ఇల్లంతా పొగతో కళ్ళు మండుతుంటే నేను విసుక్కునేవాణ్ణి. నా చాప వెనక గది మీది చిన్న డాబా మీదికి మార్పించింది. "కింద ఉక్కపోత, పైన గాలికి మంచిగ సదువొస్తది" అంది. తను మాత్రం కిటికీ ఉన్న గోడ కిందే పడుకునేది.

దయ్యాల కథ ఆమెకు బాగా ఎక్కిందనుకున్నాను. "ఏం అత్తమ్మా, దొర కొడుకు మన మెట్లెక్కుతడని భయమా? ఇంత పొగేస్తున్నవ్?" అని ఏడిపించాను.

"అవు కొడుకా, భయమే. వాడు వచ్చి నీ పుస్తకం ఎత్తుకపోతే ఏం చేయాలె?" అని నవ్వింది. ఆ నవ్వులో నాకు ఏ తేడా కనపడలేదు. వందల పేజీలు చదివి మనుషులు ఏం దాస్తున్నారో సందేహించడం నేర్చుకున్నవాణ్ణి, నా ఎదుట కూర్చుని ఆకులు కుడుతున్న మనిషిలో ఏమీ చూడలేకపోయాను. ఆమె అంత బాగా దాచింది మరి.

పరీక్ష ఇంకా రెండు మూడు రోజులుందనగా ఆమె మధ్యాహ్నం విస్తర్లు కుట్టడం మానేసింది. వేళ్ళు నొప్పులన్నది. ఒళ్ళు వెచ్చగా ఉందేమిటంటే పొయ్యి దగ్గర కూర్చుని వచ్చానన్నది. చేయి ఒంటికి దూరంగా పెట్టుకుని నడుస్తుంటే, బాన ఎత్తినప్పుడు పట్టేసిందన్నది. అన్నిటికీ జవాబు ఉంది. బాపుకు ఎదురు పడకుండా, వడ్డించి లోపలికి పోయేది. నవల చివరి భాగం మరొకసారి చెప్పమంది. చెప్తుంటే కళ్ళు మూసుకుని విన్నది. ఆ రోజు ఖాలా తన వైపు కూర్చుందో లేదో తెలియదు, మాట మాత్రం రాలేదు.

పరీక్ష రోజు పొద్దున్న కాగులో వేడినీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. తలంటుకుని వచ్చేసరికి పెరుగన్నం కలిపి పెట్టింది. బాపు అప్పటికే దఫ్తరుకు వెళ్ళాడు. తను తినవేమంటే ఉపవాసమంది. గడప దాకా గోడ పట్టుకుని వచ్చింది. మొహం ఎర్రగా కందిపోయి, కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. నేను పరీక్షకు పోతున్నందుకు ఏడుస్తోందనుకున్నాను. కాళ్ళకు దండం పెట్టబోతే గభాల్న వెనక్కి జరిగింది. "ముట్టుకోకు. తానం చెయ్యలే నేను. పో బిడ్డా, మస్తు రాయి" అంది. ఆమె నాతో అన్న ఆఖరి మాట అదే.

ప్రశ్నపత్రం తేలిక. ముసలి దాసి గురించి పెద్ద ప్రశ్న వచ్చింది. ఆమె మౌనం ఆ ఇంటికి తెచ్చిన కీడు ఏమిటో రాయమన్నారు. సారు చెప్పింది చెప్పినట్టు రాశాను. నిజాన్ని పాతిపెట్టిన ఇంట్లో బతికినవాళ్ళు కూడా శవాలేనని రాసి, ఆ వాక్యం చూసుకుని మురిసిపోయాను. బయటికి వచ్చాక ఆకాశంలో నడుస్తున్నట్టే ఉంది. చార్మినార్ దగ్గర గాజుల దుకాణాలు సగం మూసి ఉన్నాయని కూడా పట్టించుకోలేదు. పాసయినట్టేనని అత్తమ్మకు ఎప్పుడు చెబుదామా అని గబగబా ఇంటికి నడిచాను.

గల్లీలోకి తిరగగానే మా ఇంటికప్పు మీద మనుషులు కనిపించారు. పెంకులు తీసి కిందికి అందిస్తున్నారు. సున్నం బాల్చీ అరుగు మీద ఉంది. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. బల్దియా మనిషి ఒకడు నన్ను గడప ఎక్కనివ్వలేదు. "లోపల ఎవరూ లేరు. అంటురోగాల దవాఖానకు తీస్కపోయిన్రు. మీ బాపు బండి ఎన్క పోయిండు" అన్నాడు. ఎవరినో అడగనక్కర లేదు. ఇంట్లో మిగిలింది ఒక్కతే కదా.

పక్కింటి ముందు కూడా బండి నిలబడి ఉంది. ముసలామెను మంచంతో సహా ఎక్కిస్తున్నారు. వెనక బురఖాలో ఖాలా. అన్నేళ్ళలో ఆమెను గోడకు ఇవతల చూడటం అదే మొదలు. ఎత్తు మనిషనుకునేవాణ్ణి, చాలా పొట్టి. నన్ను చూసి దగ్గరికి వచ్చింది, వీధిలో అందరూ చూస్తున్నారన్న సోయి కూడా లేకుండా.

"మా ఇద్దరికే ఎరుక బేటా. పది దినాలయింది. కిడ్కీ గట్టు మీద పడ్డది. మీ దిక్కు తల, మా దిక్కు తోక. ఎవరి ఇంటిదని చెప్పాలె? బయటపెడ్తె నీ పరీక్ష పాయె. మా సాస్‌ను గుడిసెల పండబెడ్తె రెండు దినాలు బత్కదు. గది ఎవరి ఇంటిది కాదని మేమే ఫైసలా జేసుకున్నం. నేను ముడ్తనంటె మీ అత్తమ్మ వద్దన్నది. ఆమెనే విస్తరాకుల చుట్టి తీస్కపోయి కాగు కింద పొయ్యిల పెట్టింది."

ఇంకా ఏదో చెప్పబోయి ఏడ్చేసింది. కాగు కింద పొయ్యి. రోజూ నాకు నీళ్ళు కాగేది ఆ పొయ్యి మీదే. ఎలుక కాలిన మంట మీద కాగిన నీళ్ళు నేను పోసుకుని, ఒళ్ళు తుడుచుకుని, పుస్తకం ముందు కూర్చున్నాను. ఆ ఊరి ఆడవాళ్ళలో ప్లేగు సంగతి మా అత్తమ్మకు తెలిసినంత మరొకరికి తెలియదు. ఆమె భర్త పోయింది ఆ రోగంతోనే. తెలిసీ, ఎలుక ఏ గోడకు ఇవతలిదో అవతలిదో తేల్చి, ఏ ఇంటి లెక్కలోనూ లేకుండా చేస్తే రోగం కూడా ఏ ఇంటికీ రాదన్నట్టు ఇద్దరు పెద్ద మనుషులు ఫైసలా చేసుకున్నారు. కచేరీలో తగవు తీర్చినట్టు తీర్చుకున్నారు.

నాకు దుఃఖం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపం. నన్ను అడగకుండా నా కోసం చావడానికి ఆమె ఎవరని కోపం. నకళ్ళు రాసుకుని బతికేవాళ్ళు బతకడం లేదా? బాపు బతకలేదా? ఆ పుస్తకం విని చేసిందని మాత్రం నేను అనను. ఆమె ఏ కథా వినకపోయినా అదే చేసేది. కానీ ఎలుకను పొయ్యిలో పెట్టాక కూడా రోజూ మధ్యాహ్నం నా ఎదుట కూర్చుని, ఆ ముసలి దాసి చేసింది తప్పెట్లయితదని వాదించింది చూడండి, అది తలుచుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆమె మీద కోపం వస్తుంది. కోపం వచ్చాక ఏడుపు వస్తుంది.

దవాఖానకు పోతే లోపలికి రానివ్వలేదు. బాపు గేటు బయట చెట్టు నీడన గొంతుక్కూర్చుని ఉన్నాడు. పరీక్ష ఎట్లా రాశావని అడగలేదు. నేనూ ఆయన పక్కన కూర్చున్నాను. చంకలో గడ్డ కోడిగుడ్డంత అయిందట. దఫ్తరులో మనసు నిలవక బాపు మధ్యలోనే ఇంటికొస్తే, వంటింట్లో పడిపోయి ఉందట. ఎత్తబోతే "వాడు హాల్లకు పోయిండా?" అని అడిగిందట. పోయాడని చెప్పాక, "ఇగ చెప్పు పో, బల్దియా వాండ్లకు" అందట.

మర్నాడు సాయంత్రానికి పోయింది. ప్లేగుతో పోయినవాళ్ళకు పాడె కట్టరు, వాకిట్లో పడుకోబెట్టరు, నలుగురూ రారు. దూరం నుంచి చూపించారు. మంచిదే అనుకున్నాను, దగ్గరి నుంచి చూసి ఉంటే ఆమె మామూలు మొహానికి బదులు రోగం మిగిల్చిన మొహమే గుర్తుండిపోయేది. బాపూ నేనూ తప్ప ఎవరూ లేరు. దినాలు గుడిసె ముందే చేశాం. ఖాలా వాళ్ళ అత్త తమ గుడిసెలో ఆ వేసవంతా బతికే ఉందని, ఖాలా కూడా బాగానే ఉందని తర్వాత తెలిసింది. ఎవరిని విడిచిపెడుతుందో ఆ రోగానికి ఒక లెక్క అంటూ లేదు.

మేము గుడిసెలో ఉండగానే ఫలితాలు వచ్చాయి. సారు స్వయంగా మైదానం దాకా నడిచి వచ్చాడు. గుడిసెకు కొంచెం దూరంలోనే ఆగి, నేను పాసయ్యానని, ఇంగ్లీషులో మంచి మార్కులు వచ్చాయని అరిచి చెప్పాడు. ఎందుకు ఇద్దరమూ అట్లా చూస్తున్నామో ఆయనకు తెలియదు. సంతోషం ఎక్కువై మాట రావడం లేదనుకున్నాడేమో, చేయి ఊపి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం బాపు తడక నీడలో కూర్చుని చాలాసేపు నేల మీద పుల్లతో గీతలు గీశాడు. మా బాపు పుస్తకాల జోలికి పోయే మనిషి కాదు. నేను ఏం చదువుతున్నానో ఒక్కనాడూ అడిగి ఎరగడు. పుల్ల పక్కన పడేసి నా వైపు తిరిగాడు.

"గా పుస్తకం కథ ఏందిరా? జెర చెప్పు" అన్నాడు.

 "ఇప్పుడెందుకు బాపూ?" అన్నాను.

"మా అక్క దానికోసం పోయింది. ఏం రాసున్నదో నాకు ఎరుకుండొద్దా?"

చెప్పాను. ఊబి నేలలు, రాతి ఇల్లు, కళ్ళు లేని దొర. పరీక్షలో రాసినంత చక్కగా చెప్పబోయాను గాని అత్తమ్మకు చెప్పినట్టే వచ్చింది. మెట్ల మీద తడి పాదాలు చెప్పాను. తాళాల గుత్తి దాసి దగ్గరికి వచ్చేసరికి తలదించుకుని చెప్పాను. శవాన్ని పూడ్చిన సంగతి, పట్నం పిల్ల గుట్టు విప్పిన సంగతి, దొర గుండె ఆగిన సంగతి చెప్పాను.  దఫ్తరులో పెద్దదొర హుకుం చదువుతుంటే విన్నట్టు, బాపు వంగి, ఒక్క అక్షరం పోకుండా విన్నాడు. చివరికి ఇంటికి తాళం పడిందని చెప్పి ఆగాను.

ఇంకా ఉందేమోనని ఆయన నా మొహం చూశాడు. 

"గింతేనా?"

"ఇంతే బాపూ" అన్నాను.